అబద్ధమైతే బాగుండును

శేషాచలం గారు అన్నది ఒక్కటే మాట, అదీ ఆంగ్లంలో. మొన్న ఏల్చూరివారిపాలెం రైతుల సభలో 'బసవధార' అనే కొత్త మందు మహిమను చైతన్యకృష్ణ మైకు పట్టుకుని వర్ణిస్తూ ఉంటే, ముందు వరుసలోని ఆ విశ్రాంత ఆంగ్లోపన్యాసకులు లేచి నిలబడి, "బుల్‌షిట్" అని, తిరిగి కూర్చున్నారు. మాటను మైకు అందుకుంది. మైకును ఫోన్లు అందుకున్నాయి. పొద్దుగూకేసరికి ఆంగ్లం రానివాళ్లకు కూడా దాని అర్థం తెలిసిపోయింది: మేష్టారు ఎద్దు పేడను పట్టుకుని బూతు మాట అన్నాడు. అన్నది ఎక్కడ? ఒంగోలు గిత్తలను కన్నపిల్లల కన్నా గారంగా పెంచే ఊళ్లో. ఎప్పుడు? తిరునాళ్లకు, బండలాగే పోటీలకు వీధులన్నీ ముస్తాబవుతున్న వారంలో. ఎవరిని? నల్ల తామర పురుగు చుట్టుపక్కల మిరప చేలన్నిటినీ నాకేస్తుంటే, ఎద్దు పేడతో చేసిన మందు తెచ్చి ఈ ఒక్క ఊరి పంటను నిలబెట్టిన కుర్రవాణ్ని. పోటీల రోజు పొద్దున్నే రామాంజనేయులు కల్లంలో అందరి ఎదుటా ఆ మాటకు సంజాయిషీ చెప్పి క్షమాపణ కోరాలని పెద్దలు కబురు పెట్టారు.

ఆ పొద్దు రానే వచ్చింది.

"క్షమాపణ చెప్పేసి రండి," అంది కనకలక్ష్మి, గడప దగ్గర ఆయన చెప్పులు ముందుకు జరుపుతూ. "జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పారు. ఒక్క మాట వెనక్కి తీసుకోవడం చేతకాదా?"

"మాట తప్పయితే తీసుకుంటాను."

"తప్పో ఒప్పో కాదండీ, బూతు."

"బూతే. కానీ కొన్నిటికి సరైన కొలత బూతుల్లోనే దొరుకుతుంది, కనకం."

"ఆ కొలతేదో తెలుగులో దొరక్కపోయిందా మీకు?"

ఆ ప్రశ్న దారి పొడుగునా ఆయన వెంట నడిచింది. దొరకలేదు. కోతలు అనవచ్చు; కానీ కోతలు కోసేవాడు తన గొప్పే కోస్తాడు. బుకాయింపు అనవచ్చు; కానీ బుకాయించేవాడికి దాచవలసిన నిజం ఒకటి ఉంటుంది. సోది అనవచ్చు. అక్కడ ఆయన నడక నెమ్మదించింది. సోది అంటే ఒకనాడు చెయ్యి పట్టుకుని ఎరుక చెప్పడం. గద్దె మీద కూర్చున్న ఎరుకలసాని పలికిందల్లా దేవత పలుకేనని జనం ఊపిరి బిగబట్టి వినేవారు. ఆ మాటే ఇవాళ పనికిమాలిన కబుర్లకు పేరయింది. దేవత పలుకు అరుగు మీది కబురైపోవడానికి ఎన్ని తరాల అనుమానం అవసరమైందో! దేవుణ్ని నమ్మని ఆ మనిషికి ఆ అనుమానం పట్ల మాత్రం చెప్పలేనంత భక్తి కలిగింది.

*

రామాంజనేయులు కల్లం చూడగానే ఆయనకు వచ్చిన పని కాసేపు గుర్తుకు రాలేదు. నల్లరేగడి మధ్య ఎకరం మేర ఎర్రటి ఎరుపు. ఎండుతున్న కాయ మీద పొద్దుటి వెలుగు పడి, నేలే రగులుతున్నట్టుంది. గాలి మళ్లినప్పుడల్లా ఘాటు ముక్కుకెక్కి, నిలబడ్డ పెద్దమనుషులందరూ ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతున్నారు. ఒక పక్క పందిరి కింద పోటీకి దిగబోయే గిత్తల జత నిలిచి ఉంది. మూపురాలకు పసుపు, కొమ్ములకు రంగు కుచ్చులు. ఇంకో పక్క గాడిపొయ్యి మీద గంగాళాల్లో అన్నం ఉడుకుతోంది. మధ్యాహ్నానికి నాలుగు మండలాల జనం వచ్చి తినిపోతారు.

"రండి మేష్టారూ. కుర్చీ వెయ్యండ్రా," అన్నాడు రామాంజనేయులు. యాభై దాటిన మోతుబరి. గట్టిగా మాట్లాడటం చేతగాని మనిషి. ఆ లోటు తీర్చడానికి ఆయన తల్లి ఉంది.

"ముద్దాయికి కుర్చీ ఏందిరా!" అంది రాఘవమ్మ. ఎనభై దగ్గరపడ్డా ఆమె గొంతు కల్లం ఈ చివర నుంచి ఆ చివరకు వినబడుతుంది. "ఏం మేష్టరయ్యా, మా గిత్తల పేడంత లోకువైపోయిందా నీకు? మీ వాకిట్లో కళ్లాపి దేంతో చల్లుతుందో మీ ఆవిడ?"

"పేడతోనే, రాఘవమ్మగారూ. నిన్న మీ దొడ్లోంచి తెచ్చిందే."

నవ్వులు లేచాయి. ట్రాక్టరు నడిపే సలీం అందరికన్నా గట్టిగా నవ్వి, రాఘవమ్మ చూపు తగిలి తలపాగా సర్దుకున్నాడు.

పందిరి స్తంభానికి ఆనుకుని చైతన్యకృష్ణ నిలబడి ఉన్నాడు. ముప్పయి ఏళ్లుంటాయేమో, ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు, ఎవరు తిట్టినా చెదరని చిరునవ్వు. అతని వెనక బ్యానరు మీద బసవన్న బొమ్మ, ఆ బొమ్మ కింద నీలం డబ్బా.

"మీరన్న మాటేంటో, ఎందుకన్నారో మీ నోటితోనే చెప్పండి మేష్టారూ," అన్నాడు రామాంజనేయులు. "ఆ తర్వాత మా వాళ్లు అనేది అంటారు."

శేషాచలం గారు కూర్చోలేదు. తరగతిలో కూడా ఆయన ఎన్నడూ కూర్చుని పాఠం చెప్పలేదు.

"ఆ మాటలో రెండు ముక్కలున్నాయి. మొదటిది ఎద్దు, రెండోది పేడ. మీరంతా అలాగే అనుకున్నారు, ఆంగ్లేయుల్లో చాలామందీ అలాగే అనుకుంటారు. ఎద్దు పేడలా పనికిరాని కబురు అని. కానీ మన ఊళ్లో ఎద్దు పేడ పనికిరానిదని ఏ చంటిపిల్లాడూ అనడు. ఆ అనుమానంతోనే నిఘంటువులు తిరగేశాను."

"ఏం తేలింది?" అన్నాడు సలీం.

"ఆ మొదటి ముక్క మన గిత్త కాదేమో అని తేలింది. ఇంచుమించు పల్నాటి యుద్ధం నాటి ఫ్రెంచి భాషలో 'బోల్' అనే మాట ఒకటి ఉండేది. దాని అర్థం మోసం, టక్కు. అది ఇంగ్లండు చేరి 'బుల్' అయిందని, ఎద్దుకు పెట్టిన పేరుతో అచ్చంగా ఒకటైపోయిందని పండితుల ఊహ. ఖాయమని నేను చెప్పను. ఎందుకంటే వాళ్లూ చెప్పలేదు. ఇంకో కథ కూడా ఉంది. రోములో పోపు గారు పంపే శాసనాలకు సీసపు ముద్ర వేసేవారు, ఆ ముద్రను బట్టి శాసనానికే 'బుల్' అని పేరు. జనానికి ఆ శాసనాల మీద నమ్మకం పోయి ఈ తిట్టు పుట్టిందంటారు. కథ చాలా బాగుంది. ఆధారం లేదు. అందుకని పక్కన పెట్టాను."

పల్నాడు ఆ మనుషులకు చదువులో విన్న ఊరు కాదు, పక్క తాలూకా. అప్పటి మాట ఒకటి సముద్రాలు దాటి, రాజ్యాలు మారి, మొన్న తమ మైకులో వినబడింది. ఒక ముసలాయన చెవి మీది బీడీ తీసి, వెలిగించకుండానే మళ్లీ పెట్టుకున్నాడు.

"మరి పేడో?" అంది రాఘవమ్మ. గొంతు కాస్త తగ్గింది.

"పేడ చాలా ఆలస్యంగా వచ్చి చేరింది. అమెరికా వాళ్ల నోటి పుణ్యం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి రాతల్లో కనబడుతుంది. సిపాయిలు దాన్ని ఊరూరా తిప్పారు. కాబట్టి అందులో దోషం ఎద్దుది కాదు, పేడదీ కాదు. మోసమే ఎద్దు పేరు పెట్టుకుని తిరుగుతోంది."

"అంటే మా గిత్తని కొట్టేశారు కేసులోంచి!" అన్నాడు సలీం.

"కొట్టేశాను. దానికి క్షమాపణ కూడా చెబుతున్నాను." శేషాచలం గారు పందిరి వైపు తిరిగి, ఎంతో గంభీరంగా చేతులు జోడించారు. తెల్లటి గిత్త చెవి కూడా కదపకుండా నెమరు వేస్తూ ఆయన్ని చూసింది. ఈసారి నవ్వుల్లో రామాంజనేయులు నవ్వు కూడా కలిసింది.

"మరి అబ్బాయికి?" అంది రాఘవమ్మ. ఆమె నవ్వలేదు.

"అబ్బాయికి చెప్పను."

నవ్వు ఠక్కున తెగింది.

"అబద్ధాలకోరంటావా అబ్బాయిని?"

"అది కూడా అనను. అబద్ధమైతే అబద్ధమనే అనేవాణ్ని. మంచి తెలుగు మాట ఉండగా పరాయి బూతు ఎందుకు? వినండి. చీరాల వెళ్లాలని దారి అడిగాననుకోండి. నా మీద పగబట్టినవాడు నన్ను నరసరావుపేట దారిలో పంపిస్తాడు. వాడు అబద్ధాలకోరు. కానీ వాడికి చీరాల దారి తెలుసు. తెలియకపోతే తప్పుదారి ఎలా పట్టిస్తాడు? ఇంకొకడుంటాడు. నేను దారి అడగడమే వాడికి సంతోషం. చెయ్యి ఎటు లేస్తే అటు చూపిస్తాడు. అది చీరాలో కాదో వాడికి తెలియదు, తెలుసుకోవాలని కూడా ఉండదు. నేను తలూపితే చాలు వాడికి. ఆ రెండోవాడి కబురుకే ఆ మాట. పురుగు మొక్కని చూసి సిగ్గుపడి వెళ్లిపోతుందని మొన్న ఈ అబ్బాయి అన్నాడు. అది నిజమో కాదో అతను ఏనాడైనా తనని తాను అడిగి ఉంటే, ఆ మాట అనేవాడు కాదు."

చైతన్యకృష్ణ చిరునవ్వు చెదరలేదు. మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"మాటల్లో సార్‌తో పోటీ పడటం నావల్ల కాదండీ. మా నాన్నగారు ఉంటే మీ క్లాసులోనే చేర్పించేవారు నన్ను. కానీ సార్, ఒక్కటడుగుతా, ఏమనుకోకండి. మీరు చేను చూసే అన్నారా ఆ మాట?"

శేషాచలం గారు చేను వైపు చూశారు. "లేదు."

"చూడకుండానే?"

"చూడకుండానే."

"అయితే పదండి సార్," అన్నాడు కుర్రవాడు, ఎంతో మర్యాదగా. "చేనే మాట్లాడుతుంది."

*

కల్లం గట్టు దాటగానే చేను. జనమంతా గట్టు మీద బారు తీరారు. శేషాచలం గారు పంచె ఎగ్గట్టి సాళ్ల మధ్యకు దిగారు.

చుట్టుపక్కల ఊళ్లలో ఆయన చూసిన చేలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఆకు పడవలా ముడుచుకుని, పూత రాలి, కాసిన కాయ గిడసబారి, మొక్కలన్నీ ఏదో భయంకరమైన వార్త విన్నట్టు తలలు వంచుకున్నాయి. ఇక్కడ మొక్క నడుము దాటి నిలబడి ఉంది. ఆకు విప్పారి ఉంది. కిందికొమ్మల్లో పండు, నడికొమ్మల్లో పచ్చికాయ, పైన తెల్లటి పూత; ఒకే మొక్క మీద మూడు కాలాలు. ఆయన జేబు రుమాలు అరచేతిలో పరిచి, దాని మీద ఒక పూవును తట్టారు. తామర పురుగు ఉంటే ఆ తెల్లగుడ్డ మీద నల్లటి నలకల్లా పాకాలి. ఏమీ రాలలేదు. రెండో పూవును తట్టారు, పక్క సాలులో మరొకటి, చేను నడిబొడ్డున ఇంకొకటి. రుమాలు ఉతికిన తెలుపుగానే ఉంది.

ఆయన నిలబడిపోయారు. జీవితమంతా మహిమలను విప్పి చూపించిన మనిషి. నిప్పుల మీద నడక, గాల్లోంచి తీసే విభూతి, అన్నిటి వెనకా ఉన్న మెలికను పిల్లల ముందు పెట్టి నవ్వించిన మనిషి. ఇప్పుడు ఆయన చుట్టూ, చావబోతున్న మైదానం మధ్య, నిండు పచ్చగా ఒక చేను నిలబడి ఉంది. నవ్వు రాలేదు. కళ్లెదుట ఉన్నదాన్ని కాదనడం హేతువాదం కాదు. అది ఇంకో రకం మూఢత్వం.

"పనిచేసింది," అన్నారు. గట్టు మీదివాళ్లకు వినబడలేదేమోనని మళ్లీ గట్టిగా అన్నారు: "మందు పనిచేసింది! ఇందులో నాకు అనుమానం లేదు."

గట్టు మీద ఈలలు లేచాయి. సలీం తలపాగా తీసి గాల్లో తిప్పాడు. "చెప్పలా!" అంది రాఘవమ్మ, కొడుకు వీపు మీద ఒక్కటిస్తూ, తప్పు కొడుకుదే అన్నట్టు.

ఈలలు సద్దుమణిగాయి. అప్పుడు శేషాచలం గారికి చేను చప్పుడు వినబడింది. వినబడింది అనడం సరికాదు. పూత మీదున్న చేలో పొద్దెక్కే వేళ ఎక్కడైనా సన్నటి ఝుంకారం ఉంటుంది. ఆయన చెవి దాని కోసం వెదికింది. లేదు. తేనెటీగ లేదు. సీతాకోకచిలుక లేదు. వంగి చూశారు. కొమ్మకూ కొమ్మకూ మధ్య సాలీడు పట్టు లేదు. మొక్క మొదట్లో మట్టి కదిపారు, చీమ లేదు. సాలు చివరి దాకా నడిచారు. చేను లోపలికి నడిచేకొద్దీ నిశ్శబ్దం చిక్కబడుతోంది. ఇంత పచ్చదనంలో ఊపిరి తీస్తున్నది తానొక్కడే.

పేడ ఎక్కడ పడ్డా ప్రాణాన్ని పిలుస్తుంది. పడిన గడియకే ఈగ వాలుతుంది, పురుగు దొలుస్తుంది, కొంగ వెంట వస్తుంది, వాన పడితే పుట్టగొడుగు లేస్తుంది. పేడను మించి బతుకు నిండిన పదార్థం ఈ నేల మీద లేదు. అటువంటి పేడ ఇన్ని ప్రాణాలను ఇంత శుభ్రంగా తుడిచిపెట్టదు. ఈ డబ్బాలో ఉన్నది మరేదో.

"ఏం మేష్టరయ్యా, లోపలే ఉండిపోతావా?" అంది రాఘవమ్మ గట్టు మీద నుంచి. "ఇటు కూడా చూడు. మా ఇంటి సాళ్లు చూడవే?"

శేషాచలం గారు తలెత్తారు.

ఆ ప్రాంతంలో పుట్టినవారికి ఇంటి సాళ్లంటే చెప్పనక్కర లేదు. చేనంతటి మీదా ఎన్ని మందులు కొట్టినా, గట్టు వారన కొన్ని సాళ్లు ఇంటి కోసం విడిచిపెడతారు. వాటి మీద చుక్క పడనివ్వరు. పురుగు తినగా మిగిలిందే ఇంటికి. ఆ కాయతోనే పచ్చడి, ఆ కాయతోనే ఏడాది కారం. బజారుకు పోయేది వేరు, కంచంలోకి వచ్చేది వేరు. ఈ ఏడాది చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఇంటి సాళ్లే ముందు మాడిపోయాయి. ఇక్కడ అవి మిగతా చేనితో సమానంగా, పచ్చగా, నిశ్శబ్దంగా నిలబడి ఉన్నాయి. పండినవన్నీ అప్పుడే కోసినట్టు తొడిమల చోట పచ్చి మచ్చలు.

"వీటి మీద కూడా కొట్టారా?" అన్నారాయన.

"కొట్టకేం! నిరుటి దాకా ఒక్క చుక్క పడనిచ్చానా నేను? అడుగు మావాణ్ని. ఈ ఏడు నేనే దగ్గరుండి కొట్టించా. మందా అది? ఎద్దు పేడ! బసవన్న ప్రసాదం! ఊళ్లో అందరం అంతే, ఒక్కళ్లం కూడా వదల్లా."

"ఎప్పుడు కొట్టారు ఆఖరిసారి?"

"కోతకి ముందురోజు," అన్నాడు రామాంజనేయులు. "అలా కొడితే కాయకి నిగనిగ వస్తుందని అబ్బాయి చెప్పాడు."

"కోసిన కాయ ఏం చేశారు?"

"ఏం చేస్తాం, చూసుకుంటూ కూర్చుంటామా?" రాఘవమ్మ మురిసిపోతూ గాడిపొయ్యి వైపు చెయ్యి చూపింది. అన్నం గంగాళాల పక్కన, తెల్లటి గుడ్డ వాసెన కట్టిన పెద్ద జాడీలు వరుసగా ఉన్నాయి. "ఊరందరి ఇంటి సాళ్ల పండు ఒక్కచోట పోసి, చింతపండేసి నిన్న తొక్కాం. పోటీకొచ్చిన జనమంతా మధ్యాన్నం వేడన్నంలో కలుపుకుని తింటారు. నువ్వూ తిని పో. నిన్ను తిట్టాను గానీ తిండి దగ్గర నాకు పగ లేదు."

*

శేషాచలం గారు చేలోంచి గట్టెక్కిన తీరు చూసి సలీం చెయ్యి అందించాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకోలేదు. నేరుగా చైతన్యకృష్ణ ఎదుటికి వెళ్లి నిలబడ్డారు.

"అబ్బాయ్, నిన్ను ఒక మాటన్నాను. ఆ మాట తప్పని నిరూపించు. నీకు దణ్ణం పెడతాను."

"సార్, ఇప్పుడేగా మీరే పనిచేసిందన్నారు..."

"పనిచేసింది. అందుకే అడుగుతున్నాను. ఏముంది ఆ డబ్బాలో?"

"పేడ సార్. ఒంగోలు జాతి పేడ, ఇరవై ఒక్క మూలికలు. పులియబెట్టి, వడగట్టి, మంత్రపూర్వకంగా..."

"చూడు." ఆయన గొంతు తగ్గించారు. పెద్దల ముందు నిలదీయడానికి వచ్చిన గొంతు కాదది, బతిమాలుతున్న గొంతు. "నువ్వు అబద్ధమాడుతున్నావని ఒప్పుకో. ఇందులో రసాయనం కలిపారని నీకు తెలుసు, దాస్తున్నావు. అంతేగా? నేను ఎవరికీ చెప్పను. ఆ రసాయనం పేరు నా చెవిలో చెప్పు చాలు. పేరు తెలిస్తే అది ఎన్నాళ్లుంటుందో, కడిగితే పోతుందో పోదో, తింటే ఏమవుతుందో తెలుసుకోవచ్చు. ఎవరో ఒకరిని అడగవచ్చు. నువ్వు అబద్ధాలకోరువైతే మనమంతా బతికాం నాయనా. చెప్పు, అబద్ధమాడావా?"

చైతన్యకృష్ణ ముఖంలో ఎప్పుడూ ఉండే చిరునవ్వు ఉన్నచోటే ఉంది. కాని దాని వెనక మనిషి కొంచెం కొంచెంగా వెనక్కి పోతున్నట్టు అనిపించింది.

"లేదు సార్," అన్నాడు చివరికి. "అబద్ధమాడలేదు. నాకు తెలీదు."

"ఏం తెలీదు?"

"ఏముందో. డబ్బాలు సీలేసి వస్తాయి. ఏం చెప్పాలో కాగితం వస్తుంది. బాగా చెబుతానని నాకు పేరు సార్. నేనెప్పుడూ... అడగలేదు."

"అడగాలని అనిపించలేదా?"

కుర్రవాడు నిజంగానే ఆలోచించాడు. ఆ ఆలోచనలో నటన లేదు. "లేదు సార్. ఎందుకడగాలి? అందరూ సంతోషంగానే ఉన్నారుగా."

శేషాచలం గారు ఆ ముఖాన్ని అలా చూస్తూ ఉండిపోయారు. నిఘంటువుల్లో ఎన్నో శతాబ్దాల వెనక్కి పోయి పట్టుకున్న అర్థం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురుగా నిలబడి ఉంది. దాని లోతు ఇంతని ఆయన ఎన్నడూ ఊహించలేదు. దురుద్దేశం లేదు, పగ లేదు, దాచిన నిజం కూడా లేదు. అబద్ధం అడుగున ఎక్కడో నేల తగులుతుంది. ఇక్కడ అడుగు లేదు. అర్ధరాత్రి సముద్రాన్ని చూసినవాడికి కలిగే భయం లాంటిదేదో ఆయన్ని ఆవరించింది.

"రామాంజనేయులూ," అన్నారు, కళ్లు తిప్పకుండానే. "ఆ జాడీలు తీసేయించు. ఆ పచ్చడి ఎవరూ తినకూడదు."

గట్టు మీద గోల లేచింది. ఊరందరి చేతుల కష్టం అది. వచ్చే జనం ముందు ఊరి పరువు.

"విషమా అది?" అన్నాడు రామాంజనేయులు.

"కావచ్చు."

"కావచ్చంటే? మీకు తెలుసా మేష్టారూ?"

"తెలియదు. పరీక్ష చేయిస్తే గాని తెలియదు. అది ఇవాళ తేలదు."

రాఘవమ్మ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. "అబ్బాయికీ తెలియదు, నీకూ తెలియదు. మరి నీ ఇంగ్లీషు తిట్టు నీకు మాత్రం ఎందుకు తగలదు మేష్టరయ్యా?"

ఆ దెబ్బ సూటిగా తగిలింది. "తగలవచ్చు. తెలియదని నేను ముందే చెప్పాను. తెలుసుకునే దాకా ఆగమంటున్నాను. నాకున్నది ఆ ఒక్క తేడాయే, రాఘవమ్మగారూ. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు."

"అయితే నేను తేలుస్తా."

ఆమె వెళ్లి ఒక జాడీ వాసెన విప్పింది. అరిటాకు ముక్కలో పొగలు కక్కే అన్నం పెట్టి, పైన ఎర్రటి పండుమిరప పచ్చడి వేసి, నెయ్యి పోసి, తన చేత్తో కలిపి, ముద్ద చేసింది. ఆకును తెచ్చి చైతన్యకృష్ణ చేతుల్లో పెట్టింది.

"తిను నాయనా. నిన్ను ఈ ఊరు నమ్మింది. ఒక్క ముద్ద తిను, మేష్టారు నోరు మూసుకుని ఇంటికి పోతాడు."

అంతకన్నా తేలికైన పని ఆ కుర్రవాడి ఉద్యోగంలో ఇంకొకటి ఉండి ఉండదు. ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. నెయ్యి, వెల్లుల్లి వాసన గట్టు మీదంతా పరుచుకుంది. చెయ్యి సగం దూరం లేచి ఆగింది. అందరూ అతన్నే చూస్తున్నారు. పందిరి కింద గిత్త మెడ గజ్జెలు ఒకసారి ఘల్లుమన్నాయి. చైతన్యకృష్ణ ముద్దను చూశాడు. ఎవరినీ ఒప్పించడానికి కాకుండా ఒక వస్తువును అలా చూడటం అతనికి అదే మొదటిసారేమో. మెల్లగా తల తిప్పి, శేషాచలం గారి వైపు చూశాడు.

"సార్," అన్నాడు, చిన్నపిల్లవాడి గొంతుతో. "తినొచ్చాండీ?"

శేషాచలం గారు నోరు తెరిచారు. ఆయన ఏం చెప్పబోయారో ఎవరికీ వినబడలేదు.

"ఆయన్నడుగుతావేందిరా! బసవన్న ప్రసాదాన్ని తినడానికి ఒకళ్లని అడగాలా!" రాఘవమ్మ అతని చేతిలోని ముద్దను లాక్కుంది. లాక్కున్న ఊపులోనే తన నోట్లో పెట్టుకుంది.

"వద్దమ్మా! మింగొద్దు!"

ఆ కేకకు గిత్తలు బెదిరి గుంజలు లాగాయి. అందరూ శేషాచలం గారి వైపు తిరిగారు. కాని ఆయన పెదవులు ఇంకా కదలనేలేదు. అరిచింది చైతన్యకృష్ణ. అరిటాకు అతని కాళ్ల దగ్గర పడి ఉంది. చేతులు రెండూ రాఘవమ్మ వైపు చాచి ఉన్నాయి. ముఖంలో చిరునవ్వు ఉండే చోట నెత్తురు చుక్క లేదు.

రాఘవమ్మ అతని కళ్లలోకి చూస్తూ, తీరిగ్గా నమిలి, మింగింది.

డబ్బాలో ఏముందో తెలియనివాడు అంత భయంగా ఎందుకు అరిచాడు?